కంప్యూటరు పరీక్షలు – చూచిరాతలు

మన బడా బజారులో గ్యారంటీ లేని సరుకంటూ లేదు. చీరకు రంగు గ్యారంటీ, గడియారానికి ఏడాది గ్యారంటీ, నూనెకు కల్తీ లేదని గ్యారంటీ. బంగారం విషయంలో అంగడివాని నోటిమాట చాలదని ప్రభుత్వంవారే పూనుకొని, 2021 జూన్ 16 నుండి జిల్లాలవారీగా హాల్‌మార్కు ముద్రను తప్పనిసరి చేసినారు. మన బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు దక్కినది. ఇవన్నీ మంచివే. ముద్ర ఉన్నచోట కొనేవాడికి ధైర్యం, అమ్మేవాడికి మర్యాద.

కాని ఈ మధ్య ఒక కొత్త గ్యారంటీ నా చెవిని పడినది. అది విన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ‘కంప్యూటరు సర్టిఫికెట్టు, పాస్ గ్యారంటీ. కుర్రాడు చదవనక్కరలేదు. ఒక పావుగంట కెమెరా ముందు కూర్చుంటే చాలు, మిగతాది మేము చూసుకుంటాం.’ ధర పాతిక వేలు. సగం ముందు, సగం తరువాత.

ఈ మాట మోసుకొచ్చినవారు మా బావగారు. ఆయనకు బజారులో చిన్న దుకాణం. కొడుకు, అనగా నా మేనల్లుడు, డిగ్రీ పూర్తిచేసి ఏడాదిగా కంప్యూటరు పని నేర్చుకుంటున్నాడు. ‘బావా, నీకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు తెలుసును గదా. ఈ కాగితాలు చదివి చెప్పు. ఆ గ్యారంటీ ఆయనకు డబ్బు కట్టేద్దామా?’ అని అడిగినారు. నేను మెట్రిక్ చదివిన గుమస్తాను. కంప్యూటరు నాకు ఆఫీసులో జాబులు టైపు చేయడానికి మాత్రమే తెలుసును. అయినా అడిగినవారు బావగారు. ఆయన మంచి మనిషి, ఎవరి దమ్మిడీ ఎరుగడు. అటువంటి మనిషి నోట ఈ మాట రావడానికి వెనుక ఒక కథ ఉన్నది.

కాఫీ తెచ్చిన పాపం

మూడు నెలల క్రితం కుర్రాడు ఆ పరీక్షకు ఒకసారి కూర్చున్నాడు. ఇంట్లోనే, మేడమీది గదిలో. ఈ రోజులలో ఇటువంటి పరీక్షలను ఇంటినుండి కూడా రాయనిస్తారు. ఎక్కడో ఒక ఊళ్ళో కూర్చున్న పరీక్షాధికారి కెమెరాలోంచి మనవాణ్ణి కనిపెట్టి చూస్తూ ఉంటాడు. ముందుగా గది నాలుగు వైపులా ఫోటోలు తీసి పంపాలి. బల్లమీద కాగితం ముక్క ఉండరాదు. ఫోను చేతికందేచోట ఉండరాదు. పెదవులు కదపరాదు. పరీక్ష ముగిసేవరకు వేరొక ప్రాణి ఆ గదిలో అడుగు పెట్టరాదు.

కుర్రాడు అన్నీ చేసినాడు. గోడమీది కాలెండరు కూడా తీసేసినాడు. కాని ఈ నియమాలు ఇంట్లోవారికి చెప్పవలసినంతగా చెప్పలేదు. నలభై నిమిషాలు గడిచినవి. వాళ్ళ నానమ్మ, ఎనభై దాటిన ముసలావిడ, మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, తలుపు తోసి, ‘నాన్నా, పొద్దుట్నించి ఏటీ తాగలేదు, ఒక్క గుక్క కాఫీ తాగు’ అని గ్లాసు పట్టుకొని వెళ్ళినది. మరుక్షణం తెరమీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కనబడినవి. పరీక్ష నిలిపివేయబడినది. కట్టిన రుసుము, సుమారు తొమ్మిది వేలు, తిరిగి రాలేదు.

ముసలావిడ మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. ‘నేనే వాడి నోట మట్టి కొట్టినాను’ అని ఒకటే ఏడుపు. బావగారికి కోపం వచ్చినది. ‘నిజాయితీగా రాసినవాడికి ఈ గతి పట్టినప్పుడు, ఇంక నిజాయితీ ఎందుకు?’ అన్నారు. గ్యారంటీ మనిషి సరిగ్గా అప్పుడే తారసపడినాడు. అటువంటి మనుషులు అటువంటి సమయాలు చూసుకొనే వస్తారు.

పాఠకులు ఒకటి గమనించాలి. చూచిరాతను ఆపడం, పరీక్ష రాసేవాడికి మంచి వసతి కల్పించడం అనేవి రెండు వేరు వేరు పనులు కావు. వసతి లేనిచోట నిజాయితీపరుడు దెబ్బ తింటాడు. దెబ్బ తిన్నవాడికి దొంగదారి దగ్గరగా కనబడుతుంది.

ఏమిటీ పరీక్షలు?

మనకు తెలిసిన పరీక్షలు బోర్డువారివి, విశ్వవిద్యాలయాలవారివి. ఇవి వేరు. మైక్రోసాఫ్టు, సిస్కో, అమెజాన్, రెడ్ హ్యాట్ వంటి కంపెనీలు తమ తమ యంత్రాలమీద, ప్రోగ్రాములమీద పని చేయగలవాడెవడో తేల్చడానికి పెట్టే పరీక్షలివి. నెగ్గినవాడికి ఒక సర్టిఫికెట్టు. దానిని చూసి హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఒకరు ఉద్యోగానికి పిలుస్తారు. కొన్నింటికి రెండు మూడేళ్ళ గడువు ఉంటుంది, మళ్ళీ రాయాలి.

కంపెనీలు ఈ పరీక్షలను చాలావరకు స్వయంగా నడపవు. పరీక్షలు నడపడమే పనిగా పెట్టుకున్న సంస్థలు ఉన్నవి. ప్రొమెట్రిక్ 1990లోను, ఇప్పుడు పియర్సన్ వ్యూ అని పిలిచే సంస్థ 1994లోను అమెరికాలో మొదలైనవి. రుసుము డాలర్లలో. ఉదాహరణకు అమెజాన్‌వారి తొలిమెట్టు పరీక్షకు 100 డాలర్లు, పై మెట్టుకు 150. ఆ పై మెట్టు పరీక్షలో 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, వెయ్యికి 720 మార్కులు వస్తే నెగ్గినట్లు. 65లో 15 ప్రశ్నలకు అసలు మార్కులే లేవు. ముందు ముందు వాడబోయే ప్రశ్నలను అభ్యర్థులమీద పరీక్షించి చూస్తారు. ఏ పదిహేనో మనకు చెప్పరు.

దొంగదారులు

మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టుకొని, దొంగదారులు ఎన్ని రకాలో చెప్పించుకున్నాను. ముఖ్యమైనవి మూడు.

మొదటిది ప్రశ్నల మూట. పరీక్ష రాసి వచ్చినవారు జ్ఞాపకమున్న ప్రశ్నలను చెబుతారు, మరొకడు పోగుచేసి అమ్ముతాడు. కుర్రవాళ్ళు వీటిని ‘డంపులు’ అంటారు. చాలామంది ఇవి పాత ప్రశ్నపత్రాలవంటివేనని భ్రమపడుతున్నారు. బోర్డువారి పాతపత్రం అందరిదీ. ఈ పరీక్షల ప్రశ్నలు రహస్యం. బయట చెప్పనని ఒప్పుకుంటేనే పరీక్ష మొదలవుతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మైక్రోసాఫ్టు పరీక్షల ప్రశ్నలను అమ్మిన ఒక మనిషి 2002లో వ్యాపార రహస్యాల దొంగతనం చేసినట్లు కోర్టులో ఒప్పుకొని జైలుకు వెళ్ళినాడు. ఆ డబ్బుతో కొన్న ఖరీదైన కార్లు కూడా పోయినవి.

రెండవది బదులు మనిషి. పేరు ఒకరిది, రాసేవాడు ఇంకొకడు.

మూడవది కనబడని చెయ్యి. అభ్యర్థి కెమెరా ముందు బుద్ధిమంతుడిలా కూర్చుంటాడు. అతని కంప్యూటరును ఎక్కడో దూరాన ఉన్నవాడు నడుపుతాడు. మన గ్యారంటీ మనిషి పద్ధతి ఇదే. ఇది కట్టుకథ కాదు. 2021లో జరిగిన ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష జె.ఇ.ఇ. మెయిన్‌లో ఇటువంటి ఏర్పాటు చేసినారన్న ఆరోపణమీద 2022 అక్టోబరులో సి.బి.ఐ.వారు ఒక రష్యా దేశస్థుణ్ణి అరెస్టు చేసినారు.

ప్రశ్నలు దాచిన చోటే దొంగ పడితే ఏమవుతుందో తెలంగాణలోని మనవారికి బాగా తెలుసును. అక్కడ గ్రూప్–1 తొలి పరీక్ష 2022 అక్టోబరు 16న జరిగినది. కమిషను కార్యాలయంలోని కంప్యూటరునుండే ప్రశ్నలు బయటికి పొక్కినట్లు తేలి, 2023 మార్చి 17న దానిని రద్దుచేసినారు. జూన్ 11న మళ్ళీ పెట్టినారు. ఈసారి అభ్యర్థుల వేలిముద్రలు తీసుకోలేదన్నది ముఖ్యమైన లోపంగా చూపి, సెప్టెంబరు 23న హైకోర్టు దానినీ కొట్టివేసినది. చివరకు 2024 జూన్ 9న మూడవసారి జరిగినది. ఒకే కుర్రాడు ఒకే మెట్టు మూడుసార్లు ఎక్కవలసి వచ్చినది. వయస్సు ఆగుతుందా? అప్పిచ్చినవాడు ఆగుతాడా?

ఇక మన ఊరి సంగతి. 2025 సెప్టెంబరు 30 రాత్రి ఆంధ్ర–ఒడిశా సరిహద్దు దగ్గర బరంపురం పోలీసులు బస్సులను ఆపినారు. అందులో ఉన్నవారు సబ్-ఇన్‌స్పెక్టరు ఉద్యోగాల పరీక్షకు పేరు కట్టిన అభ్యర్థులు, వారిని తీసుకుపోతున్న దళారులు. 114 మంది అభ్యర్థులతో సహా మొత్తం 117 మంది పట్టుబడినారు. విజయనగరం తీసుకువెళ్ళి ప్రశ్నలు, జవాబులు కంఠస్థం చేయించాలన్నది ఏర్పాటట. ఒక్కొక్కరికి 25 లక్షల రూపాయల బేరమని పోలీసుల మాట. అక్టోబరు 5, 6 తేదీలలో జరగవలసిన పరీక్ష ఆగిపోయినది. తరువాత కేసు సి.బి.ఐ. చేతికి వెళ్ళినది. పరీక్ష నడిపే పనిని ఒక సంస్థకు అప్పగిస్తే, అది ఇంకొక సంస్థకు, ఆ సంస్థ మరొక సంస్థకు అప్పగించినదని దర్యాప్తులో బయటపడినది. చేతులు మారినకొద్దీ సీలు వదులవుతుంది. ఇది ఏ ఆఫీసు గుమస్తాను అడిగినా చెబుతాడు.

ఆ బస్సులలో ఉన్నవారు ఎవరి బిడ్డలు? పొలం అమ్మినవారి బిడ్డలు, నగలు కుదువ పెట్టినవారి బిడ్డలు. నేను వారిని సమర్థించడం లేదు. మా బావగారి ముఖం నాకు అక్కడ కనబడినదని మాత్రం చెబుతున్నాను.

కాపలా ఎట్లా కాస్తారు?

పరీక్షకు కాపలా కాయడం నేటి విద్య కాదు. చైనాలో చక్రవర్తుల కాలంనాటి ఉద్యోగ పరీక్షలలో అభ్యర్థులను విడివిడి గదులలో ఉంచేవారు. చేతివ్రాత గుర్తుపట్టి ఎవరైనా పక్షపాతం చూపుతారేమోనని, సుంగ్ రాజుల కాలంలో జవాబులన్నీ గుమస్తాలచేత తిరగరాయించి, ఆ నకళ్ళనే దిద్దేవారట. ఆ పరీక్షలు 1905లో రద్దయినవి. గుమస్తాల పని మాత్రం లోకంలో ఎప్పుడూ రద్దు కాలేదు!

నేటి కంప్యూటరు పరీక్షా కేంద్రంలో ముందు మనిషిని గుర్తుపడతారు. ఫోటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు పత్రం చూస్తారు, సంతకం తీసుకుంటారు, అక్కడికక్కడే ఫోటో తీస్తారు. కొన్ని పరీక్షలకు అరచేతిలోని రక్తనాళాల అల్లికను కూడా యంత్రంతో చదువుతారు. జేబులు తిరగదీయిస్తారు, చొక్కా చేతులు మడిపిస్తారు, కళ్ళజోడు తీసి పరీక్షగా చూస్తారు. గడియారం, ఫోను, పర్సు బీరువాలో పెట్టి తాళం వేయాలి. లెక్కలు వేసుకోవడానికి తుడిచి రాసుకునే పలక ఇస్తారు. దానిని మళ్ళీ అప్పగించి రావాలి.

తరువాత ప్రశ్నల కాపలా. ఒకే ప్రశ్నపత్రం అందరికీ ఉండదు. పెద్ద ప్రశ్నల నిధిలోంచి ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా తీసి, వరుస మార్చి ఇస్తారు. పక్కవాడి తెరవైపు తొంగిచూసినా ప్రయోజనం లేదు.

మూడవది లెక్కల కాపలా. ఎవడు ఏ ప్రశ్నమీద ఎన్ని సెకండ్లు ఆగినాడో యంత్రం రాసుకుంటుంది. పది పంక్తుల చిక్కుప్రశ్నకు నాలుగు సెకండ్లలో సరియైన జవాబు పెట్టినవాడు మేధావి అయినా అయి ఉండాలి, ముందే చూసినవాడైనా అయి ఉండాలి. అన్నిటికంటె పట్టిచ్చేవి తప్పులు. సరియైన జవాబు నలుగురికి కలవడంలో వింత లేదు. తప్పులు కూడా ఒకే వరుసలో కలిస్తే మూలం ఒకటేనన్నమాట.

అన్నిటికంటె గట్టి కాపలా ఇంకొకటి ఉన్నది. జవాబు అడగరు, పని చేయిస్తారు. సిస్కోవారు 1993నుండి, రెడ్ హ్యాట్‌వారు 1999నుండి పై మెట్టు పరీక్షలను ఇట్లాగే నడుపుతున్నారు. యంత్రం ముందు కూర్చోబెట్టి, ‘ఇది సరిగా నడిచేట్లు చెయ్యి’ అంటారు. నేతగాడి పనితనం తెలియాలంటే మగ్గం దగ్గర కూర్చోబెట్టి చూడాలి గాని, పట్టు గురించి ఉపన్యాసం చెప్పించుకుంటే ఏం లాభం? అక్కడ ప్రశ్నల మూట పనికిరాదు.

చట్టం కూడా వచ్చినది. ప్రభుత్వ పరీక్షలలో అక్రమాలను అరికట్టడానికి పార్లమెంటు 2024లో చేసిన చట్టం ఆ సంవత్సరం జూన్ 21నుండి అమలులో ఉన్నది. మూడునుండి ఐదేళ్ళ జైలు, పది లక్షల వరకు జరిమానా. ముఠాగా చేస్తే ఐదునుండి పదేళ్ళు, కోటికి తగ్గని జరిమానా. అయితే ఇది యు.పి.ఎస్.సి., రైల్వే, బ్యాంకు వగైరా పరీక్షలకే. ప్రైవేటు కంపెనీల సర్టిఫికెట్టు పరీక్షలు దీని పట్టికలో లేవు. అక్కడ శిక్ష వేరు. ఫలితం రద్దు, మునుపటి సర్టిఫికెట్లు కూడా రద్దు, మళ్ళీ ఆ పరీక్ష గడప తొక్కకుండా నిషేధం. ఇరవై రెండేళ్ళ కుర్రాడికి ఇది చిన్న శిక్ష కాదు.

నా చీటీ

ఇంతవరకు రాసి, నా సంగతి దాచడం న్యాయం కాదు. నేను మెట్రిక్ పరీక్ష రాసినప్పుడు కిటికీ గుండా చీటీలు వచ్చేవి. బయట అన్నలు, మావయ్యలు, కొన్నిచోట్ల ట్యూషను మేష్టర్లు కూడా. లెక్కల పరీక్షనాడు ఒక చీటీ నా బల్లమీద పడినది. అది నాకోసం వచ్చినది కాదు. అయినా విప్పినాను. అప్పటికి నేను వేసిన లెక్క జవాబు వేరు, చీటీలో జవాబు వేరు. నాదానిని కొట్టివేసి, చీటీలోనిది రాసినాను. మా వరుసలో అందరమూ అదే రాసినాము.

ఇంటికి వచ్చి మా అన్నయ్యకు చూపితే, చీటీలోది తప్పు, నేను కొట్టివేసినదే ఒప్పు!

పోయినవి ఐదు మార్కులే. పరీక్ష తప్పలేదు. కాని ఆ రోజునుండి నా లెక్కమీద నాకే నమ్మకం పోయినది. ఈనాటికీ ఆఫీసులో కూడిక రెండుసార్లు చేసి, పక్కవాణ్ణి మూడవసారి చూడమంటాను. చూచిరాతవల్ల మొదట నష్టపోయేది బోర్డువారు కాదు, కంపెనీవారు కాదు. ‘ఇది నేను చేయగలను’ అనుకునే ధైర్యం పోతుంది. అది పోతే ఏ గ్యారంటీ దుకాణంలోనూ దొరకదు.

బావగారికి ఈ చీటీ కథ చెప్పినాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ‘రేపు వాడికి ఉద్యోగం వచ్చి, యంత్రం ముందు కూర్చోబెట్టి పని చెయ్యమంటే, ఆ పాతిక వేలవాడు పక్కన కూర్చుంటాడా?’ అని తనే అడిగి, తనే లేచినారు. గ్యారంటీ మనిషికి డబ్బు కట్టలేదు. ఆ డబ్బులో కొంత పెట్టి కుర్రాణ్ణి విశాఖపట్నం పంపినారు. అక్కడ పరీక్షా కేంద్రంలో, చల్లని గదిలో, ఎవరూ కాఫీ తేని చోట కూర్చొని రాసినాడు. బొటాబొటీగానైనా నెగ్గినాడు. ఉద్యోగం ఇంకా రావలసి ఉన్నది.

మనం చేయవలసినది

ఇటువంటి పరీక్షలు రాసే పిల్లలు మన ఇళ్ళలో ఏటేటా పెరుగుతున్నారు. పెద్దలకు నాకు తోచిన నాలుగు మాటలు.

ఒకటి, పేరు. మన తెలుగువారి పేర్లు ఒడిశా బళ్ళ రిజిస్టర్లలో ఎన్ని అవతారాలెత్తుతాయో మీకు తెలుసును. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఒకచోట పొడి అక్షరం, ఒకచోట ‘రావు’నే ఇంటిపేరుగా చేసి వెనుక తగిలిస్తారు. పరీక్షకు కట్టిన పేరు, గుర్తింపు పత్రంలోని పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. లేకపోతే గుమ్మంలోనే తిప్పి పంపుతారు. ముందే సరిచేయించుకోండి.

రెండు, వీలైనంతవరకు పరీక్షా కేంద్రానికే పంపండి. భువనేశ్వరానికో విశాఖకో రైలు ఖర్చు అవుతుంది. రద్దయిన పరీక్ష రుసుముతో పోలిస్తే అది ఎంత?

మూడు, ఇంట్లోనే రాయవలసి వస్తే, ముందురోజే ఇంట్లో అందరినీ, పసిపిల్లలనుండి ముసలివారివరకు, కూర్చోబెట్టి నియమాలు తెలుగులో చెప్పించండి. కరెంటు పోతే ఆదుకునే ఏర్పాటు చూసుకోండి. ఊరేగింపులు, మైకులు ఉన్న రోజు తప్పించండి. ఠాకురాణి యాత్ర నెలలో బడా బజారు మేడమీద పరీక్ష పెట్టుకోవడం సముద్రపు ఒడ్డున దీపం పెట్టడమే.

నాలుగు, గ్యారంటీ అన్నవాడిని గుమ్మంలోంచే పంపండి.

చివరగా మన సంఘం పెద్దలకు ఒక మనవి. సంఘం మేడమీద పాత కుర్చీలు పడేసిన చిన్న గది ఉన్నది. దానిని ఖాళీచేసి, ఒక బల్ల, ఒక కుర్చీ, మంచి దీపం, ఇన్వర్టరు, తీగతో ఇంటర్‌నెట్ ఏర్పాటు చేయిద్దాం. గోడలు బోసిగా ఉంచుదాం. తలుపుకు లోపల గడియ ఉండాలి. వేరే గది లేని ఇళ్ళ పిల్లలు పరీక్షరోజున వచ్చి నిశ్శబ్దంగా రాసుకుపోతారు. ఖర్చు ఒక చిన్న విందుకంటె మించదు. మొదటి చందాగా నా వంతు ఐదువందల రూపాయలు కార్యదర్శిగారికి అందజేసినాను.

ఈ గది సంగతి మా బావగారి ఇంట్లో చెబుతుంటే, ముసలావిడ విన్నది. ‘గది బయట ఎవరో ఒకరు కాపలా ఉండాలి గదా’ అన్నది. ఉండాలన్నాను.

‘నాకు కుర్చీ వేయించు బాబూ. ఈసారి లోపలికి ఎవర్ని పోనిస్తానో చూస్తాను!’